ఆకలి చుక్కలు

పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన మర్నాడే మామయ్య నాకు మందుల షాపు వెనక తలుపు తాళంచెవి ఇచ్చారు. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచక రోజంతా గుప్పిట్లోనే పట్టుకు తిరిగాను. సాయంత్రానికి అరచేతిలో దాని ఆకారం అచ్చు పడింది. మా ఆయన అది చూసి, "ముద్ర పడిపోయింది. ఇక పారిపోయినా పట్టుకొచ్చేస్తారు" అన్నాడు. ఆ మాట తలచుకుని రెండు రోజులు నవ్వుకున్నాను. అప్పట్లో నాకు నవ్వడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఒక గొడుగు కింద ఇద్దరం పట్టక చెరో భుజం తడుపుకోవడం, నిద్రలో అతను చల్లటి పాదాలు తెచ్చి నా పాదాలకు ఆనించడం, సీసా మీద లేబులు వంకర లేకుండా అతికించగలగడం, ఇవే చాలు.

కింద షాపు, పైన ఇల్లు. మధ్య గదిలో అత్తయ్య మంచం. ఆ గది ముందునుంచి వెళ్లేటప్పుడు నవ్వు మింగేసేదాన్ని. ఒకరోజు లోపలినుంచి కేక వినిపించింది.

"కోడలు పిల్లా! అలా పిల్లిలా నడుస్తావేమే? నేను పోయాక నవ్వుదామని దాచిపెట్టుకున్నారా ఇద్దరూ?"

"అయ్యో, అలా కాదు అత్తయ్యా..."

"అయితే ఆ నవ్విందేదో ఇక్కడికొచ్చి నవ్వు. నాకూ చెప్పు. వీడు చిన్నప్పుడు ఒక్క హాస్యం ఆడి ఎరగడు, పెళ్లయ్యాక నేర్చాడేమిటో వింటాను."

అత్తయ్యకు కడుపులో క్యాన్సరు. మా పెళ్లిని ముందుకు జరిపింది ఆమె కోసమే. పెద్ద వైద్యాలన్నీ అయిపోయాయి. ఇక ఉన్నన్నాళ్లూ బాధ తెలియకుండా చూసుకోవడమే అన్నారు ఆస్పత్రిలో. నొప్పికి మాత్రలు పనిచేస్తున్నాయి గానీ వాంతులే ఆగేవి కావు. వంటింట్లో పాలు పొంగినా ఆ వాసనకి మొహం తిప్పుకునేది. దవడలు లోపలికి పోయి కళ్లు మాత్రం పెద్దవిగా, అల్లరిగా మిగిలాయి.

మామయ్యని వీధంతా చుక్కలాయన అంటారు. మందు చుక్కల్లో కొలిచి ఇచ్చే రోజులనుంచీ ఆ షాపులో ఉన్న మనిషి. పక్కన ఎవరెంత కబుర్లు చెప్పినా ఆయన లెక్క తప్పదని పేరు. అత్తయ్య మంచం పట్టాక ఆయన చేతులకి పని లేకుండా పోయింది. మందులన్నీ ఆస్పత్రినుంచి అట్టల్లో వచ్చేవి. మామయ్య వాటిని తీసి చూసి, మళ్లీ పెట్టి, కిటికీ దగ్గర నిలబడేవారు.

అప్పుడు ఇంటికొచ్చి అత్తయ్యని చూసే డాక్టరమ్మ కొత్త మందు రాసింది.

"గంజాయి నుంచి తీసిన నూనె" అంది, స్టెతస్కోపు సంచిలో పెట్టుకుంటూ. "ఇప్పుడు డాక్టరు రాస్తే ఇస్తున్నారు. కొందరికి వికారం తగ్గి కాస్త ఆకలి పుడుతుంది. కొందరికి అస్సలు పడదు. చూద్దాం."

నేను ఉలిక్కిపడ్డాను. ఆ మాట నేను పేపర్లో నేరాల పేజీలో తప్ప చదివి ఎరగను. కానీ మామయ్య ముఖం చూస్తే, చాలాకాలం క్రితం ఇల్లు వదిలివెళ్లిన వాళ్లెవరో తలుపు తట్టినట్టుంది.

"చుక్కల్లోనేనా?" అని అడిగారు.

"చుక్కల్లోనే."

ఆరోజు మధ్యాహ్నం షాపులో లేబుళ్లు అతికిస్తూ ఆయన నాకు ఆ కథంతా చెప్పారు. అంతకుముందు నాతో నాలుగు మాటలకి మించి మాట్లాడని మనిషి.

"వందల ఏళ్లనుంచి వైద్యులు వాడిన ఆకేనమ్మా అది. నిద్ర పట్టకపోతే, ఒళ్లు నొప్పులకి, అన్నం సయించకపోతే. తర్వాత పెద్ద ఆస్పత్రుల డాక్టర్లు పట్టుకున్నారు. ముందు జంతువులకిచ్చి చూసి, ఆ తర్వాత ధనుర్వాతంతో కొయ్యబారిపోయిన మనుషులకిచ్చారు. కండరాలు కాస్త వదిలాయట. అంతే, దేశదేశాల మందుల షాపుల్లోకి వెళ్లిపోయింది. సారాయిలో నానబెట్టి తీసిన టింక్చరు. ఆకుపచ్చగా ఉండేది. ఇదిగో, ఈ కౌంటరు మీదే మా నాన్న అమ్మాడు. తలనొప్పికి, దగ్గుకి, ఆడవాళ్ల కడుపునొప్పికి."

"మరి ఎందుకు పోయింది మామయ్యా?"

"ఒక సీసాలా ఇంకో సీసా ఉండేది కాదు. ఒక పంట ఘాటు, ఒక పంట చప్ప. సీసా పాతబడితే జీవం పోయేది. డాక్టరు ఇరవై చుక్కలని రాస్తే ఒకడికి ఏమీ అయ్యేది కాదు, ఇంకొకడు గోడలతో మాట్లాడేవాడు. ఈలోగా ఇంజెక్షను సూది వచ్చింది. నల్లమందునుంచి తీసిన మార్ఫిను నీళ్లలో కరిగి సూదిలోకి ఎక్కింది. ఇది నీళ్లలో కరగదు. వెనకబడింది. తర్వాత చట్టాలు వచ్చాయి, మందుల జాబితాలోంచి పేరు కొట్టేశారు."

మామయ్య లేబులు అంచు బొటనవేలితో నొక్కి, చాలాసేపు నొక్కుతూనే ఉన్నారు.

"ఇన్‌స్పెక్టరు వచ్చి షాపు ముందు నిలబడి, ఉన్న జాడీలన్నీ కాలవలో ఒంపమన్నాడు. మా నాన్నే తన చేత్తో ఒంపాడు. వీధంతా నిలబడి చూసింది. ఎలుకలకి ఇవాళ మంచి నిద్ర అని ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు. అప్పట్నుంచి ఆయన గంజాయి డాక్టరు, నేను గంజాయి డాక్టరు కొడుకుని. బళ్లో కూడా అదే పేరు. మందు నిజంగా పనిచేసేదిరా, నేను అబద్ధం అమ్మలేదురా అని మా నాన్న పోయేవరకూ అంటూనే ఉన్నాడు. వినడానికి నేనొక్కణ్ణే ఉన్నాను."

ఆ సాయంత్రం మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"గంజాయా!" అంది అమ్మ. "ఏ ఇంట్లో ఇచ్చానే నిన్ను! పోలీసులొస్తే నువ్వు పుట్టింటికెళ్లావని చెప్పు."

"నేనే తలుపు తీసి, నేను లేనని చెప్పనా?"

"చెప్పు! చదువుకున్నావుగా, ఆమాత్రం చెప్పలేవూ?"

సీసా వచ్చింది. బొటనవేలంత గోధుమరంగు సీసా, మూతకే డ్రాపరు. మామయ్య చేతులు సబ్బుతో కడుక్కుని, మంచం పక్కన కూర్చుని, చెంచాలోకి ఒక్కొక్క చుక్కే వదిలారు. డాక్టరమ్మ మొదట చాలా తక్కువే చెప్పింది. అత్తయ్య మింగి మొహం చిట్లించింది.

"ఎలా ఉందోయ్?" అని అడిగారు ఆయన.

"గడ్డి మేసినట్టుంది. మీ వంశంవాళ్లు దీన్నేనా అంత గొప్పగా చెప్పుకునేది?"

మామయ్య నవ్వారు. ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదలు. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు.

కాసేపటికి అత్తయ్య తల ఎత్తి, "ఏవండీ, ఆకలేస్తోందండీ" అంది.

ఇంట్లో ఒక్కసారి గాలి మారిపోయింది. మామయ్య చెప్పుల్లేకుండా వంటింట్లోకి పరుగెత్తారు. బంగాళాదుంప ఉడికించి, వెన్న వేసి మెత్తగా నలిపి, తనే తినిపించారు. సగం గిన్నె తింది. మామయ్య ఆ గిన్నె పట్టుకుని కిందకి వెళ్లి, షాపుకొచ్చిన వాళ్లందరికీ చూపించారు. వీధి చివర దర్జీకి కూడా కబురు వెళ్లింది. మేమిద్దరం మెట్ల మీద కూర్చుని, బ్రెడ్డుకి అదే వెన్న రాసుకుని, అదేదో విందులా తిన్నాం.

నేను నీళ్లు ఇద్దామని అత్తయ్య గదిలోకి వెళ్లేసరికి ఆమె మంచం అంచున వంగి ఉంది. ఒక చేత్తో దుప్పటి నోట్లో కుక్కుకుంది, చప్పుడు బయటికి రాకుండా.

"తలుపు వెయ్యి" అంది.

బేసిను తెచ్చి పట్టుకున్నాను. తిన్నదంతా వచ్చేసింది. వీపు నిమురుతుంటే వెన్నెముక వేళ్లకి తగిలింది.

"గోడలు దగ్గరికొస్తున్నాయే" అంది ఆయాసపడుతూ. "మంచం పడవలా ఊగుతోంది. ఈ దిక్కుమాలిన చుక్కలు నాకు పడలేదు."

"మామయ్యతో చెప్తాను. ఆపేద్దాం."

ఆమె నా మణికట్టు పట్టుకుంది. అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో.

"చెప్పావంటే నీతో మాట్లాడను. ఆయన మొహం చూశావా ఇవాళ? ఇన్నాళ్లనుంచి నా మంచం చుట్టూ తప్పిపోయిన పిల్లాడిలా తిరుగుతున్నాడు. ఇవాళ వాళ్ల నాన్న గెలిచాడు. తను గెలిచాడు. నేను ఎలాగూ పోయేదాన్నే. పోతూపోతూ ఆ తండ్రీకొడుకుల్ని ఓడించమంటావా?"

బేసిను పైన బట్ట కప్పి బయటికి తెచ్చాను. మా ఆయన దగ్గర నేను దాచిన మొదటి విషయం అదే. రాత్రి అతను, "అమ్మ తింది కదూ" అని చీకట్లో అడిగితే, "తింది" అన్నాను. అబద్ధం కాదు. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

ఆ తర్వాత రోజూ ఇదే ఆట. మామయ్య పొద్దున్నా సాయంత్రమూ చుక్కలు లెక్కపెట్టి ఇస్తారు. సాయంత్రం చుక్కలయ్యాక అత్తయ్య కళ్లు మూసుకుని, పరుపు గట్టిగా పట్టుకుని, గది తిరగడం తగ్గేదాకా ఆగి, "ఆకలేస్తోందండీ" అంటుంది. ఒకరోజు గుడ్డు, ఒకరోజు యాపిల్ ఉడికించిన గుజ్జు. నేను పక్కనే ఉండి, ఆయన కిందకి దిగగానే తలుపు వేస్తాను. మా ఇద్దరికీ అలవాటైపోయింది. వాంతయ్యాక ఆమె వెనక్కి వాలి, "నాటకాల్లో వేషం వేస్తే పతకాలిచ్చేవాళ్లు నాకు" అనేది. నేను నవ్వి, బేసిను కడగడానికి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని.

డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. అత్తయ్య చెయ్యి పట్టుకు చూసి, బరువు చూసి, కనుబొమలు ముడిచింది.

"ఇంకో మార్గం ఉంది. చర్మం కింద సన్నటి సూది పెట్టి, చిన్న యంత్రంతో కొంచెం కొంచెం మందు ఎక్కిద్దాం. వికారం బాగా తగ్గుతుంది. కాస్త మగతగా ఉంటారు, కానీ సుఖంగా ఉంటారు."

"అక్కర్లేదు డాక్టరమ్మా" అన్నారు మామయ్య. "తింటోంది కదా! అడగండి."

"తింటున్నాను" అంది అత్తయ్య, నా వైపు చూడకుండా.

"తింటుంటే బరువు ఎందుకు తగ్గుతోంది?"

"మీ కాటా తప్పేమో."

డాక్టరమ్మ మెట్లు దిగుతూ, "పెద్దాయన నమ్మకం కాదనను. కానీ ఋజువేదీ?" అని మా ఆయనతో అంది. ఆ మాట మామయ్య చెవిన పడింది.

మర్నాడు నేను షాపు వెనక గదిలోకి వెళ్లేసరికి మామయ్య దీపం కింద రెండు సీసాలు పెట్టుకుని కూర్చున్నారు. ఒకటి అత్తయ్య మందు. రెండోది అలాంటిదే, సగం నిండిన సీసా. అందులోకి మందులు కలపడానికి వాడే సాదా నూనె ఇంకాస్త పోస్తున్నారు. వాసన కోసం పైన ఏవో ఆకులు నలిపి వేశారు.

"ఇదేమిటి మామయ్యా?"

"ఋజువు" అన్నారు, కళ్లు మెరుస్తుంటే. "మా నాన్న పద్ధతి. ఒక మందు నిజంగా పనిచేస్తోందా, మనిషి ఊహా అని అనుమానం వస్తే, చెప్పకుండా కొన్నాళ్లు మందు లేనిది ఇచ్చేవాడు. ఆకలి పోయిందనుకో, అది మందు మహిమే. మళ్లీ మందిస్తే ఆకలి తిరిగొస్తుంది. అప్పుడు డాక్టరమ్మ కాదు, ఎవరొచ్చినా కాదనలేరు. పాపం దానికి ఒకటి రెండు పూటలు తిండి పోతుంది. తర్వాత చెప్పి క్షమాపణ అడుగుతాను. మీ అత్తయ్యకి మాత్రం చెప్పకు తల్లీ."

నా చేతిలో ఉన్న లేబుళ్లు జారి కింద పడ్డాయి. ఏరుకుంటూ అలాగే కూర్చుండిపోయాను. ఆ సీసాలో ఏముందో అత్తయ్యకి తెలియదు. కాబట్టి ఆవిడ ఆకలేస్తోందనే అంటుంది. అన్న క్షణంలో అంతా బయటపడిపోతుంది. ఒక్క మాట నేను పైకి వెళ్లి ఆవిడ చెవిలో వేస్తే చాలు. రెండు రోజులు ఆకలి లేదని నటిస్తుంది. మళ్లీ మందు రాగానే ఆకలేస్తోందంటుంది. మామయ్య గెలుస్తారు. ఆవిడ ఆఖరి రోజులు ఆ ఊగే మంచం మీద, నోట్లో దుప్పటి కుక్కుకుని గడిచిపోతాయి.

మెట్లెక్కాను. చెప్పేద్దామనే ఎక్కాను. పొద్దున్న వేసిన చుక్కలు కూడా ఆ సాదా నూనె సీసాలోవేనని నాకు అప్పటికి తెలియదు. గదిలోకి వెళ్లేసరికి అత్తయ్య దిండుకి ఆనుకుని కూర్చుని, కిటికీలోంచి ఎదురింటి డాబా మీద ఎగిరే చొక్కాల్ని చూస్తోంది.

"ఇవాళ తల తేలిగ్గా ఉందే" అంది. "గోడలు వాటి చోటే ఉన్నాయి. ఆ నీలం చొక్కా చూడు, నాట్యం చేస్తోంది. ఇలా రా, నా జుట్టు దువ్వు. చిక్కు పడిపోయింది."

జుట్టంటే పెద్దగా ఏమీ మిగల్లేదు. నెమ్మదిగా దువ్వాను. నేను దువ్వుతున్నంతసేపూ ఆమె మా ఆయన చిన్నప్పటి సంగతులు చెప్పింది. దగ్గు మందు తియ్యగా ఉంటుందని అతను అబద్ధపు దగ్గు దగ్గేవాడట. ఇద్దరం గట్టిగా నవ్వాం. ఆమె గొంతులో ఆయాసం లేదు. నాలుక చివరిదాకా వచ్చిన మాట నేను మింగేశాను. దువ్వెన పళ్లలో చిక్కిన వెంట్రుకల్ని తీసి చుట్టచుట్టి, అలాగే కూర్చున్నాను.

సాయంత్రం మామయ్య మళ్లీ చుక్కలు వేశారు. లెక్క తప్పలేదు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని ఎదురుచూశారు. మా ఆయన కూడా ఉన్నాడు. ఆకలి లేదని ఆమె అంటుందని, అది విని ఓదార్చాలని, తర్వాత సంబరపడాలని మామయ్య ముందే సిద్ధపడ్డట్టు ముఖంలో తెలుస్తోంది.

అత్తయ్య కళ్లు మూసుకుంది. రోజూ ఆగినంతసేపే ఆగింది. కళ్లు తెరిచి, ఆయన వైపు తిరిగి, రోజూ నవ్వే నవ్వే నవ్వి, "ఏవండీ, ఆకలేస్తోందండీ" అంది.

మామయ్య కదల్లేదు. చెంచా ఆయన చేతిలోనే ఉంది. ఒక చుక్క దాని అంచునుంచి జారి ప్యాంటు మీద పడింది. ఆయన దాన్ని తుడుచుకోలేదు.

"తెస్తాను" అన్నారు చివరికి.

నేను వెనకే వంటింట్లోకి వెళ్లాను. ఆయన బంగాళాదుంప తీసుకుని తొక్క తీయడం మొదలుపెట్టారు. తొక్కంతా అయిపోయినా ఇంకా చెక్కుతూనే ఉన్నారు. దుంప చిన్నదైపోతోంది.

"నీకు తెలుసా?" అని అడిగారు, తల ఎత్తకుండా.

"తెలుసు మామయ్యా."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజునుంచి."

"మొత్తం వాంతేనా?"

నేను తలూపాను. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. లోపలికి వచ్చి, బల్ల కింద నేను బట్ట కప్పి దాచిన బేసిను తీసి, కడగడానికి పట్టుకుపోయాడు. కుళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది.

మామయ్య కత్తి కింద పెట్టారు. "నా కోసం" అన్నారు. మళ్లీ, "మా నాన్న కోసం" అన్నారు. తర్వాత గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఆయన భుజాలు కదలడం చూసి నేను పొయ్యి ఆర్పి బయటికి వచ్చేశాను.

కాసేపటికి ఆయన మొహం కడుక్కుని, ఖాళీ చేతులతో అత్తయ్య గదిలోకి వెళ్లారు.

"ఏమోయ్, డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఆ చుక్కలు ఆపెయ్యాలట. కంపెనీ దగ్గర సరుకు అయిపోయిందట. రేపు ఆ యంత్రం పెడతారు."

అత్తయ్య ఆయన్ని తేరిపార చూసింది. ఆమెకి అర్థమైందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"అయ్యో" అంది. "అంత బాగా పనిచేసే మందు."

"అవును. బాగా పనిచేసింది."

"మీ నాన్న ఉంటే సంతోషించేవాడు."

"సంతోషించేవాడు" అన్నారు మామయ్య, ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దుతూ.

యంత్రం సబ్బుబిళ్ల కంటే పెద్దది కాదు. నర్సమ్మ వచ్చి జబ్బకి సన్నటి సూది పెట్టి వెళ్లింది. ఆ రోజునుంచి వాంతులు లేవు. డాక్టరమ్మ మామయ్య భుజం మీద చెయ్యి వేసి, "అది మందు కాదని కాదండీ. ఆవిడకి సరిపడలేదు, అంతే" అంది. మామయ్య తలూపారు. మిగిలిన సీసాని ఆవిడకే అప్పజెప్పేశారు. అత్తయ్య ఎక్కువగా నిద్రపోయేది. మెలకువ వచ్చినప్పుడు మాత్రం మాట స్పష్టంగా ఉండేది. నన్ను పిలిచి, "ఇవాళ ఏం చూసి నవ్వావే?" అని అడిగేది. నేను రోజూ ఏదో ఒకటి వెతికి ఉంచుకునేదాన్ని. కౌంటరు మీదకి దూకి తూకం పళ్లెంలో పడుకున్న పిల్లి. మా ఆయన రెండు కాళ్లకీ రెండు రంగుల మేజోళ్లు. నిజంగానే అవి నాకు సంతోషాన్ని ఇచ్చేవి. అదే నాకు సిగ్గుగానూ ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం మామయ్య అలవాటుకొద్దీ గిన్నెలో సూపు పట్టుకొచ్చారు. మంచం దాకా వచ్చాక గుర్తొచ్చినట్టు ఆగిపోయారు.

"ఏమోయ్, ఏమన్నా తింటావా?"

అత్తయ్య చాలాసేపు ఆయన్నే చూసింది.

"ఆకలిగా లేదండీ."

"సరే" అన్నారు మామయ్య.

"మీరు తిన్నారా?"

ఆ వారమంతా ఆయన ఏమి తిన్నారో మాలో ఎవరమూ చూడలేదు.

"కూర్చోండి. ఇక్కడే తినండి. నేను చూస్తాను."

మామయ్య కుర్చీలో కూర్చుని గిన్నె ఒళ్లో పెట్టుకున్నారు. మొదటి చెంచా మింగడానికి కష్టపడ్డారు. అత్తయ్య తల దిండుమీద పక్కకి తిప్పి, ఆయన నోటినే చూస్తూ ఉంది.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

"నెమ్మదిగా. వేడిగా ఉంటుంది."

ఆయన నెమ్మదిగా, గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నారు.